నల్లమల అంచున నైట్ డ్యూటీ

మా పడమటి ఊళ్లలో పెద్ద జబ్బు చేస్తే మొదటి వైద్యం ప్రయాణమే. మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల, యర్రగొండపాలెం చుట్టుపక్కల పుట్టినవాళ్లను ఎవరిని కదిలించినా ఇంట్లో అలాంటి ప్రయాణం కథ ఒకటి ఉంటుంది. బండి మీద మంచం కట్టి మార్కాపురం రోడ్డు స్టేషన్ దాకా, అక్కణ్ణించి మీటర్ గేజ్ రైల్లో గుంటూరు దాకా. లేదంటే గిద్దలూరులో రైలెక్కి, దిగువమెట్ట దాటి, నల్లమల బొగదాలోంచి నంద్యాల దాకా. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. పొదిలి, కనిగిరి, దర్శి నెల్లూరువి. 1972లో జిల్లాకి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. పేరు మారినా, ఊపిరి ఆడని మనిషిని ఎటు తీసుకుపోవాలన్న ప్రశ్న మారలేదు. ఒంగోలు దాదాపు వంద కిలోమీటర్లు, గుంటూరు అంతకంటే దూరం, కర్నూలుకి పోవాలంటే అడవి దాటాలి.

నేను నర్సుని. గుంటూరులో జీఎన్ఎం చదివి, సర్వీసులో ఎక్కువ కాలం క్యాజువాలిటీల్లో, ఐసీయూల్లో పనిచేసి, రిటైరయ్యాక మార్కాపురంలో ఉంటున్నాను. ఐసీయూల చరిత్ర రాసేవాళ్లు డాక్టర్ల పేర్లు రాస్తారు, మెషిన్ల పేర్లు రాస్తారు. మా ప్రాంతంలో ఆ చరిత్ర చాలావరకు నర్సుల చేతుల మీదుగా నడిచింది. ఆ చేతులు ఎవరివో ముందు చెప్పాలి.

1876-78 కరువు మా ఊళ్లను తుడిచిపెట్టిన కాలంలో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ రోజు నీళ్లలోకి దిగినవాళ్లు ఎక్కువమంది మాదిగలు. తర్వాత కంభంలోనూ మార్కాపురంలోనూ మిషన్ కాంపౌండ్లు లేచాయి, బడులు వచ్చాయి. అటు గుంటూరులో 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898 నాటికి లూథరన్ మిషన్ ఆసుపత్రి తెరిచింది. ఒంగోలులో క్లౌ పేరు మీదే ఆసుపత్రి వచ్చింది. ఈ మిషన్ ఆసుపత్రుల్లో నర్సు పని నేర్చుకోవడానికి ముందుకొచ్చింది ఎక్కువగా మాల, మాదిగ ఇళ్ల క్రైస్తవ ఆడపిల్లలే. పెద్దకులాల వాళ్లు పరాయి మగవాళ్ల ఒళ్లు తుడిచే పనికి తమ పిల్లల్ని పంపలేదు. ఊరు ముట్టుకోనని వెలిపెట్టిన ఇళ్ల పిల్లలే ఊరందరి పుళ్లూ కడిగారు, ఊరందరి బిడ్డల్నీ చేతుల్లోకి తీసుకున్నారు. మా అవ్వ కంభం మిషన్ బడిలో అక్షరాలు దిద్దింది. మా పెద్దమ్మ నర్సుల తెల్లచీర కట్టుకుంది. ఆమెను చూసే నేనూ ఈ దారిలోకి వచ్చాను. ఇప్పుడు "హ్యూమన్ టచ్" మీద సెమినార్లు పెడుతున్నారు. ఆ టచ్ మా జిల్లాలో ఎవరి దగ్గర మొదలైందో ఆ సెమినార్లలో ఒక్కరైనా చెప్పాలని నా కోరిక.

నర్సింగ్ పిల్లలకు ఐసీయూ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు నేను 1952 కోపెన్‌హాగన్ దగ్గర మొదలుపెడతాను. ఆ ఏడు వానాకాలానికి డెన్మార్క్ రాజధానిని పోలియో పట్టుకుంది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి వచ్చినవాళ్లలో, ఊపిరి కండరాలు పడిపోయిన మొదటి 31 మందిలో 27 మంది చనిపోయారు. మనిషిని మెడదాకా పెట్టెలో పెట్టి ఛాతీని ఆడించే ఐరన్ లంగ్ అక్కడ ఒకే ఒక్కటి ఉంది. అప్పుడు ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్‌ని పిలిచారు. ఆగస్టు 27న వివి ఎబెర్ట్ అనే పన్నెండేళ్ల పిల్లకి గొంతు దగ్గర రంధ్రం చేయించి, ట్యూబు పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరితిత్తుల్లోకి గాలి పంపాడు. పిల్ల బతికింది. అంతమందికి మెషిన్లు ఎక్కణ్ణించి వస్తాయి? దాదాపు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా వచ్చి పిల్లల పక్కన కూచుని, నెలల తరబడి ఆ సంచులు నొక్కారు. నొక్కుతూనే కథలు చదివి వినిపించారు. 1953 డిసెంబరులో ఇబ్సెన్ అదే నగరంలో ఇలాంటి రోగులందరికీ కలిపి ఒక వార్డు తెరిచాడు. ఐసీయూ అన్నది అక్కడ పుట్టింది. వెంటిలేటర్ దానికి తర్వాత వచ్చి చేరింది.

ఆ కథ మా పిల్లలకు విచిత్రంగా ఉంటుంది. నాకు ఉండదు. 1956లో డెన్మార్క్‌లోనే తయారైన అంబు బ్యాగు, తనంతట తాను ఉబ్బే ఆ సంచి, నా మొదటి రోజుల్లో మా వార్డులకి వెంటిలేటర్. మెషిన్ ఒకటే ఉంటే, దాని మీద అప్పటికే ఒకరుంటే, రెండోవాడికి అంబు. వాడి అన్నదమ్ముల్నీ బావమరుదుల్నీ వరసగా నిలబెట్టి నొక్కడం నేర్పేవాళ్లం. గడియారం చూసి నేర్పితే వాళ్లకు వచ్చేది కాదు. "అబ్బయా, నువ్వు ఊపిరి పీల్చేటప్పుడు నొక్కు, వదిలేటప్పుడు వదులు" అంటే వచ్చేది. అలా తన ఊపిరితోనే తమ్ముడికి ఊపిరి ఇచ్చేవాడు. కంగారులో పీల్చడం ఎక్కువైపోతే సంచి కూడా వేగం పెరిగేది. అప్పుడు భుజం మీద చెయ్యి వేసి నెమ్మది చేసేదాన్ని. వేళ్లు కొంకర్లు పోయి, అరచెయ్యి వాచి, ఇక కుదరదన్నప్పుడు రెండోవాడు అందుకునేవాడు. చేతులు మారేటప్పుడు ఒక్క ఊపిరి కూడా తప్పకూడదు. అది చూసుకోవడం నా పని.

ఆ రోజులు మంచివని నేను అనను. అలా నొక్కీ నొక్కీ తెల్లారేసరికి పోయినవాళ్లు చాలామంది. వెంటిలేటర్లు మా వైపు ఇంకా ముందే వచ్చి ఉంటే ఎంతమంది పిల్లలు ఇవాళ పొలాల్లో ఉండేవాళ్లో! మెషిన్ వద్దని అనేవాళ్లు మా వార్డులో ఒక రాత్రి కూడా గడిపి ఉండరు.

మా ప్రాంతానికి మెషిన్ ఎందుకంత అవసరమో కట్లపాము చెబుతుంది. నల్లమల అంచు పల్లెల్లో వానాకాలం నేల మీద పడుకున్న వాళ్లను అది రాత్రిపూట కరుస్తుంది. పళ్లు పడిన గుర్తు కూడా సరిగా కనపడదు, వాపుండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి. గ్యాసు నొప్పి అనుకుని ఇంట్లోనే ఉంటారు, లేదంటే పసరుమందు దగ్గరికి పోతారు. పొద్దెక్కేసరికి రెప్పలు వాలిపోతాయి, ఉమ్మి మింగలేరు. అలాంటివాళ్లు క్యాజువాలిటీకి వస్తే నేను ముందు చేసే పని ఒకటుంది. "పెద్దాయనా, ఒక్క ఊపిరితో ఎంతదాకా లెక్కపెట్టగలవో పెట్టు." మామూలు మనిషి ఇరవై దాటిపోతాడు. ఇతను పన్నెండు దగ్గర ఆగితే గుర్తుపెట్టుకుంటాను. అరగంటకు మళ్లీ అడుగుతాను. ఎనిమిది దగ్గర ఆగితే డాక్టర్ని పిలిచి ట్యూబు సామాను సిద్ధం చేస్తాను. అప్పటికి, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపడానికి వేలికి పెట్టిన సాచురేషన్ క్లిప్పులో అంకె ఇంకా 97 అనే ఉంటుంది. అది పడిపోయేసరికి చాలా ఆలస్యమవుతుంది. ఆక్సిజన్ పెట్టిన మనిషిలో మరీ ఆలస్యం.

రక్తపింజరికైతే ఇంకో పరీక్ష. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో కాస్త రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టాలి. వంచి చూస్తే గడ్డకట్టలేదంటే విషం రక్తంలోకి వెళ్లినట్టు. ఇప్పటికీ మా చిన్న ఆసుపత్రుల్లో ఆ గాజు ట్యూబు కంటే నమ్మకమైన మెషిన్ లేదు.

నాగుపాము కాటులో నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్‌కి రెప్పలు లేస్తాయి. కట్లపాము విషం నరాల కొసల్నే దెబ్బతీస్తుంది. విరుగుడు సీరం ఇచ్చినా ఆ కొసలు కోలుకోవడానికి రోజులు పడతాయి. అన్ని రోజులూ వెంటిలేటరే ఊపిరి. ఆ రోజుల్లో మనిషి చూడటానికి చనిపోయినట్టే ఉంటాడు. కన్ను తెరవడు, వేలు కదలదు, కొందరిలో లైటు వేసినా కంటిపాప కదలదు. అనుభవం లేనివాళ్లు బ్రెయిన్ డెడ్ అనేస్తారు. అయినవాళ్లు ట్యూబు తీయించి ఇంటికి తీసుకుపోతామంటారు. కానీ లోపల మనిషి మేలుకునే ఉంటాడు, అన్నీ వింటూ ఉంటాడు. తర్లుపాడు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఇలాగే రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉన్నాడు. ప్రతిసారీ ముట్టుకునే ముందు చెప్పేదాన్ని: "నాయనా, నేను సిస్టర్ని. ఇప్పుడు గొంతులో కఫం తీస్తున్నా, కాస్త ఇబ్బందిగా ఉంటుంది. ఇప్పుడు నిన్ను ఎడమపక్కకి తిప్పుతున్నాం. బయట తెల్లారింది, మీ అమ్మ వరండాలోనే ఉంది." ట్యూబు తీసి గొంతు పెగిలిన రోజు ఆ పిల్లవాడు నన్ను అడిగిన మొదటి మాట: "చీటీ ఎవరు పాడుకున్నారు సిస్టరమ్మా?" అతని మంచం దగ్గర నిలబడి మా వార్డు ఆయాలు ఇద్దరు చీటీపాట గురించి మాట్లాడుకున్నారట. అంతా విన్నాడు, ముగింపు తెలియక ఆగిపోయాడు! అప్పటినుంచి మా వార్డులో కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ ఈ సంగతి చెప్పాను. మంచం మీద మాట్లాడని మనిషి ఉన్నాడంటే వినే మనిషి ఉన్నాడని.

కఫం తీయడం గురించీ ఒక మాట. సక్షన్ ట్యూబు లోపల ఉన్నంతసేపూ పేషెంటుకు ఊపిరి ఆగినట్టే. పది, పదిహేను సెకన్లు దాటకూడదని పుస్తకం చెబుతుంది. మా సీనియర్ సిస్టర్లు నేర్పిన పద్ధతి వేరే. ట్యూబు దించేటప్పుడు నీ ఊపిరి కూడా బిగపట్టు, నీకు ఆయాసం వచ్చిందంటే బయటికి తీసెయ్. గోడ గడియారం కంటే ఇది నిక్కచ్చిగా పనిచేస్తుంది. ఎందుకంటే సెకన్లు లెక్కపెడుతూ మాట్లాడుకునే నర్సులున్నారు గానీ, ఊపిరి బిగపట్టి మాట్లాడగలిగిన వాళ్లు లేరు.

పురుగుమందు తాగి వచ్చే కేసుల గురించి రాయడం నాకు కష్టం. పత్తి, మిరప, పొగాకు వేసి, బోరు మీద బోరు వేసి, నీళ్లు పడక అప్పులపాలైన ఇళ్లవి చాలావరకు. మనిషి రాగానే బట్టలు తీసి, ఒళ్లూ జుట్టూ సబ్బుతో కడగాలి. ఆ వాసన మన చేతులకు రెండు రోజులుంటుంది. అట్రోపిన్ ఇస్తూ, కంటిపాప, నాడి, ఊపిరితిత్తుల చప్పుడు పదేసి నిమిషాలకు చూడాలి. రెండో రోజుకి బాగున్నాడని ఇంటివాళ్లు సంబరపడతారు. అప్పుడే నర్సు జాగ్రత్తగా ఉండాలి. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి ఊపిరి కండరాలు ఉన్నట్టుండి చచ్చుబడతాయి. దానికి ముందు మెడ బలం పోతుంది. అందుకే ప్రతి గంటకూ "అమ్మీ, దిండు మీంచి తల ఎత్తు చూద్దాం" అనాలి. ఎత్తలేకపోతే మానిటర్ ఎంత బాగా ఉన్నా వెంటిలేటర్ దగ్గర పెట్టుకోవాలి. ఆ ఒక్క మాట అడగడానికి నర్సుకు గంటకోసారి ఆ మంచం దగ్గరికి వెళ్లే తీరిక ఉండాలి.

ఆ మనిషిని "ఎందుకు తాగావు" అని ముందు అడిగేది బంధువులు, తర్వాత పోలీసు కానిస్టేబుల్. మేం అడగకూడదు. నీళ్లు కావాలా, చలిగా ఉందా అని అడగాలి. బతకాలని లేని మనిషికి మెషిన్ ఊపిరి ఇస్తుంది. బతకాలన్న ఆశ మాత్రం ఇంకెవరో తెచ్చివ్వాలి, ఆ రాత్రివేళ అక్కడున్నది మేమే.

2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఒంగోలులో రిమ్స్ వచ్చింది. బండి మీద మంచం కట్టే రోజులు పోయి, ఆక్సిజన్ పెట్టిన బండిలో కూతవేసుకుంటూ రావడం మొదలైంది. మంచి మార్పు ఇది, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఆ కాలంలోనే మానిటర్లు, సిరంజి పంపులు మంచం మంచానికీ వచ్చాయి. మునుపు సెలైన్ చుక్కల్ని వాచీ చూసి నిమిషానికి ఇన్నని లెక్కపెట్టేవాళ్లం. చుక్క చూడటానికి వెళ్లినప్పుడల్లా మనిషిని కూడా చూసేవాళ్లం. పంపు వచ్చాక చుక్క దాని పని అది చేసుకుంటుంది. మనిషిని చూడటానికి వేరే తీరిక చేసుకుని వెళ్లాలి. ఆ తీరికను రిజిస్టర్లూ కంప్యూటర్ ఎంట్రీలూ తినేశాయి.

మెషిన్‌కి మా ఊరు తెలియదన్నది కూడా అప్పుడే అర్థమైంది. సాచురేషన్ క్లిప్పు 1974లో జపాన్‌లో టకువో అవోయాగి కనిపెట్టిన సూత్రం మీద పనిచేస్తుంది. వేలిలోంచి వెలుతురు పంపి రక్తం రంగు చదువుతుంది. మార్కాపురం పలకల గనుల్లో, ఫ్యాక్టరీల్లో ఏళ్ల తరబడి రాయి చీల్చిన చేతుల్ని చూడండి. వేలికొసలు మొద్దుబారి, గోరుకింద బూడిదరంగు పొడి ఇంకిపోయి ఉంటుంది. క్లిప్పు పెడితే గీత వణుకుతుంది, అంకె ఒకసారి 84, ఒకసారి 96. పక్కనే అలారం మోగుతూ ఉంటుంది. కొత్త పిల్లలు భయపడి ఆక్సిజన్ పెంచేస్తారు, లేదా విసిగి అలారం నొక్కేస్తారు. ఆ చేతిని గోరువెచ్చని నీళ్లలో కడిగి తుడిచి, వేలు మార్చి, కుదరకపోతే చెవితమ్మెకి పెట్టి చూడాలి. అలా కడిగేటప్పుడు మనిషి ఏ పని చేస్తాడో, దగ్గు ఎన్నేళ్లనుంచి ఉందో, ఊపిరితిత్తుల్లో రాతిపొడి ఎంత చేరి ఉంటుందో మాటల్లో తెలుస్తుంది. కేస్ షీట్‌లో ఆ సంగతి అంతకుముందు ఉండదు.

అలాగే ఫ్లోరైడ్. 1937లోనే షార్ట్ అనే డాక్టరు అప్పటి నెల్లూరు జిల్లాలో నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోతున్నాయని రాశాడు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని గుర్తించిన తొలి నివేదిక అదే. ఆ నీళ్లు తాగిన మనిషి అరవై ఏళ్లకు ఐసీయూకి వస్తే మెడ వెనక్కి వంగదు, వెన్ను చాపుకోదు. ట్యూబు వేయడానికి తల వెనక్కి వంచాలి. బలవంతం చేస్తే ప్రమాదం. మంచం తలవైపు ఎత్తి, మెడకింద, భుజాలకింద దుప్పట్లు మడిచి పెడుతూ, ఆ వంకరకు సరిపోయే ఎత్తు కుదిరేదాకా సర్దాలి. ఇది ఏ కంపెనీ మాన్యువల్లోనూ ఉండదు. మా వార్డులో ఏ నర్సుని లేపి అడిగినా చెబుతుంది.

మెషిన్లతో పాటు ఒక తలుపు కూడా వచ్చింది. ఇన్ఫెక్షన్ భయంతో అయినవాళ్లను బయట ఉంచే అద్దాల తలుపు. అంబు నొక్కిన అన్నదమ్ములు ఇప్పుడు మెట్లకింద చాప పరుచుకుని, పేరు పిలుస్తారేమోనని చెవులు రిక్కించుకుని ఉంటారు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి అడవి గూడెం నుంచి ఒక చెంచు ఆడమనిషిని తీసుకొచ్చారు. తలుపు వేయగానే ఆమె మొగుడు గోడకి తలబాదుకున్నాడు. మా మనిషిని దాచేశారంటాడు. అతనికి చేతులు కడిగించి, గౌను తొడిగి, లోపలికి తీసుకొచ్చి మంచం పక్కన స్టూలు వేశాను. ఆమె కట్టేసిన చేతులు విప్పించాం. ట్యూబు లాక్కుంటుందని కట్టాం గానీ, అతను పట్టుకుంటే ఆమె లాక్కోలేదు. మత్తు మందు మోతాదు తగ్గించగలిగాం. పైవాళ్లు నన్ను మందలించారు. నేను చేసింది సరైన పనేనని ఇప్పటికీ అంటాను. రోజుకు పది నిమిషాల విజిటింగ్ టైమ్ అన్నది జబ్బుకు సరిపోయే కొలత కాదు. చేతులు కడుక్కున్న ఒక్క మనిషి ఆ మంచం పక్కన ఉండటం వల్ల వచ్చే మేలు, వచ్చే ప్రమాదం కంటే పెద్దది.

2021 వేసవిలో కరోనా ఆ తలుపుని పూర్తిగా మూసేసింది. పీపీఈ కిట్టు వేసుకుంటే మా మొహాలు కూడా కనపడవు. ఛాతీ మీద మార్కర్‌తో పేరు రాసుకుని తిరిగాం. సొంత ఫోన్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బోర్లా పడుకోబెట్టిన మనిషి చెవి దగ్గర పెట్టి, ఊళ్లో ఉన్న పెళ్లాంబిడ్డల చేత మాట్లాడించాం. ఆ వార్డుల్లో వెంటిలేటర్లు వచ్చి చేరాయి, నడిపే చేతులు చాలలేదు. ఒక్క నర్సు నలుగురైదుగురు వెంటిలేటర్ పేషెంట్ల మధ్య పరుగెత్తింది. ఒకరికి సక్షన్ చేస్తుంటే ఇంకొకరి ట్యూబు ఊడేది. మెషిన్ చెడిపోతే మళ్లీ అంబు బ్యాగే తీశాం.

మార్కాపురానికి మెడికల్ కాలేజీ అని 2021లో శంకుస్థాపన చేశారు. దాని గురించి మా ఊళ్లో టీకొట్టు దగ్గర కూడా చర్చలే. ఎన్ని బెడ్లు, ఎన్ని వెంటిలేటర్లు, ఎవరి చేతుల్లో ఉంటుంది అని అడుగుతున్నారు. నన్నడిగితే నేనొక లెక్క చెబుతాను. వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కో పేషెంటుకి షిఫ్టుకి ఒక్కో నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన నియమం. పది బెడ్ల ఐసీయూకి మూడు షిఫ్టులకు ముప్పైమంది. వాళ్లకూ పెళ్లిళ్లు, కాన్పులు, జ్వరాలు ఉంటాయి గనుక సెలవుల కోసం ఇంకో ముప్పై శాతం. మొత్తం నలభైకి దగ్గర. వాళ్లలో ఎక్కువమంది ఆరునెలల కాంట్రాక్టు మీద కాకుండా పర్మనెంటు పోస్టుల్లో ఉండాలి, సగంమందైనా మా వైపు పిల్లలై ఉండాలి, కట్లపాము కరిచిన మనిషిని మా యాసలో లెక్కపెట్టమని అడగడానికి. వెంటిలేటర్ల టెండరు పిలిచే రోజునే ఆ నలభై పోస్టుల ఫైలు కూడా కదలాలి.